ఇంటి ఫ్రిజ్: మౌలాలి, తార్నాక పరిసరాల్లో వాడకం, సంరక్షణ, మరమ్మతు

ఇంటి ఫ్రిజ్ వేడిని మోసే యంత్రం. పాలలో, పెరుగులో, రాత్రి మిగిలిన పప్పులో ఉన్న వేడిని పట్టుకుని వంటింట్లోకి తెచ్చి వదలడం దాని పని. వేడి బయటికి పోయే దారి సరిగ్గా ఉన్నంతకాలం పదిహేనేళ్లయినా పెద్దగా పేచీ పెట్టదు. ఆ దారి మూసుకుంటే కొత్తది కూడా రెండో వేసవికే మొరాయిస్తుంది. హైదరాబాద్‌కు ఈశాన్యంగా మౌలాలి గుట్ట మొదలుకొని లాలాపేట, తార్నాక, హబ్సిగూడ మీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయం దాకా ఉన్న ప్రాంతాన్ని దృష్టిలో పెట్టుకుని, ఫ్రిజ్ ఎలా పనిచేస్తుంది, ఎందుకు చెడుతుంది, చెడితే ఇంటివాళ్లు ఏం చూసుకోవాలి, మెకానిక్‌ను ఎప్పుడు పిలవాలి అన్న విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

ప్రాంతం, నేపథ్యం

హౌసింగ్ బోర్డు ఇళ్లు, రైల్వే క్వార్టర్లు, కొత్త అపార్ట్‌మెంట్లు, విద్యార్థులు పంచుకునే అద్దె గదులు ఇక్కడ పక్కపక్కనే ఉంటాయి. అందుకే ఫ్రిజ్‌లూ నాలుగు రకాలు కనిపిస్తాయి. ఇరవై ఏళ్ల నాటి సింగిల్ డోర్, రెండు తలుపుల ఫ్రాస్ట్ ఫ్రీ, ఇన్వర్టర్ కంప్రెసర్ ఉన్న కొత్త మోడల్, చేతులు మారుతూ మూడో గదికి చేరిన సెకండ్ హ్యాండ్ పెట్టె. గుట్ట మీద దర్గా, గుట్ట కింద మహలఖా బాయి చందా సమాధి ఉన్న మౌలాలి పేరు చెప్పగానే ఫ్రిజ్ ఎవరికీ గుర్తుకు రాదు. అయితే దాని లోపల తిరిగే గ్యాస్ మీద పరిశోధన జరిగింది ఇక్కడికి దగ్గర్లోనే. నిజాం ప్రభుత్వం 1944లో స్థాపించిన పరిశోధనశాలల నుంచి ఎదిగి, 1956లో ప్రాంతీయ పరిశోధనశాలగా, 1989లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా పేరు మారిన తార్నాక ఐఐసీటీలో, ఓజోన్ పొరను దెబ్బతీసే పాత గ్యాస్‌కు బదులుగా వచ్చిన ఆర్-134ఏ తయారీ పద్ధతిపై పని జరిగింది. దానికి కాస్త దూరంలో జామై ఉస్మానియా దగ్గర జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్‌కు వచ్చిన ఈ సంస్థ భారతీయుల ఆహారంపై మార్గదర్శకాలు వెలువరిస్తుంది. ఆహారాన్ని శుభ్రంగా, భద్రంగా ఉంచుకోవడం కూడా అందులో భాగమే. లాలాపేటలో విజయ డెయిరీ ఉంది. పాలు, గ్యాస్, పోషణ: ఫ్రిజ్‌కు సంబంధించిన ఈ మూడూ ఈ పరిసరాల్లోనే ఉన్నాయన్నమాట.

నగరానికి అవతలి వైపున ఫ్రిజ్‌లే తయారయ్యాయి. 1942లో మొదలైన ఆల్విన్ మెటల్ వర్క్స్ తరువాత హైదరాబాద్ ఆల్విన్‌గా మారి సనత్‌నగర్ వైపు బస్సుల బాడీలు, బీరువాలు, ఫ్రిజ్‌లు, గడియారాలు చేసింది. కడప జిల్లా నందలూరులోనూ దాని కర్మాగారం ఉండేది. 1990లలో ఫ్రిజ్‌ల వ్యాపారం వోల్టాస్ చేతికి వెళ్లింది. ఇప్పుడు ఆ పేరు మియాపూర్ దగ్గర ఆల్విన్ చౌరస్తాగా, కూకట్‌పల్లి వైపు ఆల్విన్ కాలనీగా మిగిలింది. బాలానగర్‌లోని శ్రీరామ్ రిఫ్రిజిరేషన్ కర్మాగారంలో కంప్రెసర్లు తయారయ్యేవి. 1997లో దాన్ని అమెరికాకు చెందిన టెకమ్సే కంపెనీ తీసుకుంది. పాత మెకానిక్‌లు ఇప్పటికీ కంప్రెసర్‌ను ముద్దుగా ‘శ్రీరామ్ మోటార్’ అంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. వాళ్లు పని నేర్చుకుంది ఆ యంత్రాల మీదే.

చల్లదనం ఎలా పుడుతుంది

మట్టి కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో తెలిసినవారికి ఫ్రిజ్ సగం తెలిసినట్టే. తెలంగాణ ఇళ్లల్లో వేసవి రాగానే ఇసుక మీద కూర్చునే రంజన్ పక్కల నుంచి నీరు సన్నగా ఊరి ఆవిరవుతుంది. ఆవిరయ్యే నీరు తనకు కావలసిన వేడిని లోపలి నీళ్ల నుంచే లాక్కుంటుంది. ఫ్రిజ్ చేసేదీ అదే. తేడా ఒక్కటే. రంజన్‌లో ఆవిరైన నీరు గాలిలో కలిసిపోతుంది కాబట్టి రోజూ నీళ్లు పోయాలి. ఫ్రిజ్‌లో ఆవిరైన ద్రవాన్ని మళ్లీ పట్టి, నొక్కి, ద్రవంగా మార్చి తిరిగి వాడుకుంటారు.

ఫ్రీజర్ గోడల్లోని గొట్టాల్లో గ్యాస్ ద్రవరూపం నుంచి ఆవిరై వేడిని గుంజుకుంటుంది. ఆ ఆవిరిని కింద, వెనక ఉండే కంప్రెసర్ పీల్చి బలంగా నొక్కుతుంది. నొక్కుడుకు వేడెక్కిన గ్యాస్ కండెన్సర్ గొట్టాల్లో తిరుగుతూ తన వేడిని గదిలోకి వదిలి ద్రవమవుతుంది. తేమను, చెత్తను పట్టే డ్రయర్ ఫిల్టర్ దాటి, లోపలి రంధ్రం ఒక మిల్లీమీటరు కన్నా సన్నగా ఉండే క్యాపిలరీ అనే రాగి గొట్టంలోంచి దూరి మళ్లీ ఫ్రీజర్‌కు చేరుతుంది. ఈ చుట్టంతా వెల్డింగ్‌తో మూసిన దారి. కారుకు పెట్రోలులా ఇందులో గ్యాస్ ఖర్చయ్యేది కాదు. దారిలో ఎక్కడో చిల్లు పడితే తప్ప తగ్గదు. ఈ వాక్యాన్ని ఫ్రిజ్ ఉన్న ప్రతివారూ గుర్తుపెట్టుకోవాలి. ‘గ్యాస్ అయిపోయింది’ అన్న మాట మన ఊళ్లో తగినదానికన్నా చాలా ఎక్కువ వినబడుతుంది.

తొలినాటి ఫ్రిజ్‌లలో అమోనియా, సల్ఫర్ డయాక్సైడ్ లాంటి విషవాయువులు ఉండేవి. బెర్లిన్‌లో ఒక కుటుంబం అలాంటి లీకుతో చనిపోయిందని పత్రికలో చదివి, కదిలే భాగాలు లేని ఫ్రిజ్ కోసం ఐన్‌స్టీన్ భౌతిక శాస్త్రవేత్త లియో సిలార్డ్‌తో కలిసి పనిచేశాడు. వారికి 1930లో అమెరికా పేటెంటు వచ్చింది గానీ ఆ యంత్రం ఇళ్లకు చేరలేదు. అప్పటికే విషం లేని, మండని ఫ్రియాన్ వచ్చేసింది. అది ఓజోన్‌ను తింటుందని తేలడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది. 1987 మాంట్రియల్ ఒప్పందంతో ఆర్-12 అనే ఆ ఫ్రియాన్ కాలం తీరింది. దాని తర్వాతి ఆర్-134ఏ ఓజోన్‌ను ఏమీ చేయదు కానీ భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు కన్నా వెయ్యి రెట్లకు మించి బలమైనది. ఇప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా వాడే ఆర్-600ఏ అసలు పేరు ఐసోబ్యూటేన్. వంటగ్యాస్‌కు దగ్గరి చుట్టం. వాతావరణానికి దాదాపు హాని లేదు. అయితే మండుతుంది. చిన్న ఫ్రిజ్‌లో కొన్ని పదుల గ్రాములే ఉంటుంది కనుక మామూలుగా భయం లేదు. మరమ్మతు చేసేటప్పుడు మాత్రం ఆ తేడా పెద్దది.

చోటు, గాలి, ఎండ

హైదరాబాద్‌లో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 45.5 డిగ్రీలు, 1966 జూన్‌లో. ప్రతి మే నెలా 40 దాటడం మామూలే. ఫ్రిజ్ లోపలి స్టిక్కర్ మీద ఉండే వాతావరణ తరగతి చూడాలి. ‘టి’ తరగతి 43 డిగ్రీల గది వేడి దాకా, ‘ఎస్‌టి’ 38 దాకా, ‘ఎన్’ 32 దాకా పనిచేసేందుకు ఉద్దేశించినవి. విదేశాల నుంచి సామానుతోపాటు తెచ్చుకున్న ఫ్రిజ్ మౌలాలి బండల మధ్య పై అంతస్తులో, సిమెంటు కప్పు కింద మే నెలలో చతికిలబడితే తప్పు దానిది కాదు.

అపార్ట్‌మెంట్లలో బిల్డర్లు ఫ్రిజ్ కోసమని గోడలో ఒక గూడు వదిలిపెడతారు. మూడు వైపులా గోడ, పైన చెక్క అర. అందులో సరిగ్గా ఇమిడే ఫ్రిజ్ కొని, మీద గుడ్డ పరిచి, దాని మీద స్టెబిలైజరు, క్యాలెండరు, మందుల డబ్బా పెట్టడం ఇంటింటా కనిపించే దృశ్యం. ఇక వేడి పోయేది ఎక్కడికి? వెనక, పక్కల కనీసం నాలుగైదు అంగుళాలు, పైన అంతకన్నా కాస్త ఎక్కువ ఖాళీ కావాలి. పొయ్యి పక్కన, పడమటి కిటికీ ఎదురుగా పెట్టకూడదు. పాత ఫ్రిజ్‌లకు వెనక నల్లటి జల్లెడలా కండెన్సర్ కనబడుతుంది. కొత్తవాటిలో అది పక్క రేకుల లోపల దాగి ఉంటుంది. అందుకే కొత్త ఫ్రిజ్ పక్కలు చేయి పెడితే వేడిగా తగులుతాయి. కంగారుపడి మెకానిక్‌ను పిలుస్తారు గానీ అది పని చేస్తోందనడానికి గుర్తు.

వెనక జల్లెడ ఉన్న ఫ్రిజ్‌కు ఏడాదికి రెండుసార్లు, ఉగాదికి ముందు ఒకసారి, దసరాకు ఒకసారి, ప్లగ్ తీసి మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు. ఇళ్లు సర్దే పండుగల రోజులే కాబట్టి గుర్తుపెట్టుకోవడం తేలిక. రైలు పట్టాల పక్క, పెద్ద రోడ్డు మీద ఉన్న ఇళ్లకు ఇంకా తరచుగా కావాలి. దుమ్ము పట్టిన కండెన్సర్ కంబళి కప్పుకున్నట్టే. కరెంటు బిల్లు పెరుగుతుంది, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది, చివరికి కాలిపోతుంది.

ముందు వైపు ఫ్రిజ్ కాళ్లు వెనకటి కన్నా వెంట్రుకవాసి ఎత్తుగా ఉంటే తలుపు తనంతట తానే మూసుకుంటుంది. తలుపు చుట్టూ ఉండే గాస్కెట్‌ను మెకానిక్‌లు, ఇంటివాళ్లు అందరూ ‘రబ్బరు’ అంటారు. పది రూపాయల నోటు తలుపులో పెట్టి మూసి లాగితే కాస్త బిగువుగా రావాలి. జారిపోతే ఆ చోట రబ్బరు పట్టడం లేదు. చాలాసార్లు కారణం పగులు కాదు, పాలచుక్కలు, కూర జిడ్డు. గోరువెచ్చని సబ్బునీటి గుడ్డతో మడతల్లోపల తుడిస్తే తిరిగి అతుక్కుంటుంది. వంకరపోయిన రబ్బరుకు వేడినీటి గుడ్డ కాసేపు అద్దితే మెత్తబడి సర్దుకుంటుంది. చిరిగితే మార్చాల్సిందే.

లోపల ఏది, ఎక్కడ, ఎంత చల్లగా

ఫ్రిజ్ గది 4 డిగ్రీలకు మించకుండా, ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉండాలి. లోపలి మీట మీద ఉండే 1 నుంచి 7 అంకెలు డిగ్రీలు కావు. అంకె పెరిగితే చలి పెరుగుతుందని మాత్రమే అర్థం. నిజంగా ఎంత ఉందో తెలియాలంటే గ్లాసుడు నీళ్లలో థర్మామీటరు ఉంచి మధ్య అరలో పెట్టి, తెల్లారి తలుపు తీసిన వెంటనే చూడాలి. జ్వరం చూసే థర్మామీటరు ఇందుకు పనికిరాదు.

5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. వండినది రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు. మే నెల మధ్యాహ్నాల్లో ఆ గడువు ఇంకా తక్కువ. పెద్ద గిన్నెడు బిర్యానీని వేడివేడిగా ఫ్రిజ్‌లోకి తోస్తే పక్కనున్న పాలు వేడెక్కుతాయి. వెడల్పాటి పళ్లెంలో పరిచి ఆరనిచ్చి, చిన్న డబ్బాల్లో సర్దాలి. మిగిలిన అన్నం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. బాసిల్లస్ సిరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. బయట ఉంచిన అన్నంలో మేల్కొని విషం వదులుతాయి, ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. మజ్జిగ పోసి పులియబెట్టిన సద్దన్నానికి ఆ పులుపు కొంత కాపలా కాస్తుంది. ఉత్త అన్నానికి ఆ కాపలా లేదు.

పచ్చి మాంసం, చేపలు ఎప్పుడూ కింది అరలో మూతపెట్టి ఉంచాలి. పైన పెడితే కారిన నీరు పెరుగు మీద పడుతుంది. తలుపు అరలు అన్నిటికన్నా వెచ్చనివి. తీసి మూసినప్పుడల్లా గది గాలి ముందు తగిలేది వాటికే. పాల ప్యాకెట్లు అక్కడ పెట్టే అలవాటు మానుకుని లోపలి అరలో ఉంచాలి. అరటిపండు ఫ్రిజ్‌లో తొక్క నల్లబడుతుంది. టమాటా రుచి చస్తుంది. ఆలుగడ్డలో పిండి తీపిగా మారుతుంది. ఉల్లి, వెల్లుల్లి గాలి తగిలే బుట్టలో ఉండాల్సినవే. నూనె తేలేలా పెట్టిన ఆవకాయకు ఫ్రిజ్ అక్కర్లేదు, తడి గరిట తగలకుండా చూస్తే చాలు. దోశ పిండికి మాత్రం కావాలి. చలి దాని పులుపును ఆపదు, నెమ్మది చేస్తుంది. అందుకే డబ్బాలో పైన కొంత ఖాళీ వదలాలి. లేకపోతే తెల్లారేసరికి మూత ఎగిరి అరలన్నీ పిండి మయం.

వాసన వస్తోందంటే ముందు కూరగాయల ట్రే అడుగున కుళ్లిన కొత్తిమీర కట్ట ఉందేమో చూడాలి. తుడవడానికి గోరువెచ్చని నీళ్లలో కాస్త వంటసోడా కలిపితే సరిపోతుంది. బ్లీచింగ్, ఫినాయిల్ వద్దు.

మంచు, కత్తి

సింగిల్ డోర్ ఫ్రిజ్‌లలో ఫ్రీజర్ గోడలకు మంచు పేరుకుంటుంది. అర సెంటీమీటరు దాటితే ఆ మంచే చలిని అడ్డుకునే గోడవుతుంది. మీట మధ్యలోని డీఫ్రాస్ట్ బటన్ నొక్కి, లేదా ప్లగ్ తీసి తలుపు తెరిచి, గిన్నెడు వేడినీళ్లు లోపల పెట్టి కరగనివ్వాలి. ఓపిక లేనివాళ్లు కత్తి, స్క్రూడ్రైవరు, అట్లకాడ తీస్తారు. ఫ్రీజర్ అల్యూమినియం రేకు మందం చాలా తక్కువ. దాని పొరల మధ్యే గ్యాస్ తిరుగుతుంది. ఒక్క పోటుకు ‘సుస్’మని చప్పుడొచ్చి ఫ్రిజ్ ప్రాణం పోతుంది. మన ఇళ్లల్లో గ్యాస్ నిజంగా పోయే సందర్భాల్లో ఇది ముందు వరుసలో ఉంటుంది. ఐస్ ట్రే అతుక్కుంటే నీళ్లు చల్లి నిమిషం ఆగడం వేలల్లో ఖర్చును తప్పిస్తుంది.

ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లలో మంచు వెనక పలక చాటున పడుతుంది. కొన్ని గంటలకోసారి హీటరు వెలిగి దాన్ని కరిగిస్తుంది, నీరు ఒక రంధ్రం గుండా వెనకాల ట్రేలోకి దిగుతుంది. చల్లగాలిని ఫ్యాను పైనుంచి కిందికి పంపుతుంది. గాలి రంధ్రాలకు అడ్డంగా పెద్ద గిన్నె పెడితే కింది గది చల్లబడదు. ఫ్రీజర్ బాగుండి కింద మాత్రం వెచ్చగా ఉంటే మొదటి అనుమానం గ్యాస్ మీదికి పోకూడదు. హీటరు, టైమరు, సెన్సరు, ఫ్యాను వీటిలో ఒకటి పాడై వెనక మంచుగడ్డ కట్టి ఉండవచ్చు. సామాన్లు తీసేసి ఒక రోజంతా తలుపు తెరిచి ఆపేసి, మళ్లీ వేస్తే నాలుగైదు రోజులు బాగా పనిచేసి తిరిగి అదే పాట పాడితే డీఫ్రాస్ట్ జబ్బేనని దాదాపు తేలినట్టు. కూరగాయల ట్రే కింద నీళ్లు నిలుస్తున్నాయంటే ఆ రంధ్రం మూసుకుంది. ఫ్రిజ్ ఆపి, సిరంజితో గోరువెచ్చని నీళ్లు కొడితే తెరుచుకుంటుంది.

వెనకాల ట్రే సంగతి వేరే చెప్పాలి. కంప్రెసర్ మీద కూర్చునే ఈ చిన్న ప్లాస్టిక్ పళ్లెంలో నిలిచే మంచినీరు డెంగీ దోమకు ఇష్టమైన చోటు. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. వానాకాలంలో వారానికొకసారి తీసి పారబోసి రుద్ది కడగాలి. పూలకుండీలు, కూలర్లు చూసేవారు కూడా ఇంట్లోనే ఉన్న ఈ చెరువును మరిచిపోతారు.

కరెంటు

కరెంటు పోయి వెంటనే వస్తే ఫ్రిజ్ ‘టిక్’మని మూలిగి ఊరుకోవడం అందరూ విన్నదే. ఆగిన వెంటనే కంప్రెసర్‌కు ఒక వైపు ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది. క్యాపిలరీ ద్వారా రెండు వైపులా సమానం కావడానికి మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది. ఆలోగా లేవాలని చూస్తే మోటారు లేవలేక వేడెక్కుతుంది, ఓవర్‌లోడ్ అనే రక్షణ బిళ్ల దాన్ని ఆపేస్తుంది. ఆలస్యంగా కరెంటు వదిలే స్టెబిలైజరు ఇందుకే. ఇన్వర్టర్ కంప్రెసర్ ఉన్న ఫ్రిజ్‌లు వోల్టేజీ హెచ్చుతగ్గులను బాగా ఓర్చుకుంటాయి. కంపెనీ పుస్తకంలో రాసిన వోల్టేజీ పరిధిలోపల మీ ఇంటి కరెంటు ఉంటే వేరే స్టెబిలైజరు కొననక్కర్లేదు. ఇంట్లో లైట్ల కోసం పెట్టుకున్న చవక ఇన్వర్టరు మీద పాత ఫ్రిజ్‌ను నడపడం మాత్రం మంచిది కాదు. దాని గరుకు కరెంటుకు మోటారు గీపెడుతుంది.

కరెంటు చాలాసేపు పోతే చేయాల్సిన పని ఒకటే, తలుపు తీయకుండా ఉండటం. మూసిన ఫ్రిజ్ నాలుగు గంటల దాకా ఆహారాన్ని కాపాడుతుంది. నిండుగా ఉన్న విడి ఫ్రీజరు రెండు రోజులు, సగం నిండింది ఒక రోజు నిలుపుతుంది.

ఫ్రిజ్ ముట్టుకుంటే జిల్లుమంటే దాన్ని ‘కొంచెం షాక్ కొడుతోంది’ అని సర్దుకుపోకూడదు. ఎర్తింగ్ లేని పాత ఇళ్లు ఈ ప్రాంతంలో ఇప్పటికీ ఉన్నాయి. తడి కాళ్లతో, చెప్పుల్లేకుండా పట్టుకున్న పిల్లవాడికి అది ప్రాణాంతకం. ప్లగ్ తీసేసి, ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ చూపించాకే మళ్లీ వాడాలి. మూడు పిన్నుల ప్లగ్‌లో పెద్ద పిన్ను విరిచి రెండు పిన్నుల బోర్డులో గుచ్చే తెలివి విద్యార్థి గదుల్లో తరచుగా కనబడుతుంది. ఆ పిన్నే ఎర్త్.

లక్షణాన్ని బట్టి జబ్బు

‘ఫ్రిజ్ కూలింగ్ అయితలేదు’ అన్న ఒక్క ఫిర్యాదు వెనక పది కారణాలు ఉంటాయి. లోపలి బల్బు వెలుగుతుందా అన్నది మొదటి ప్రశ్న. వెలగకపోతే ప్లగ్, ఎంసీబీ, స్టెబిలైజరు చూడాలి. ఆ పాయింట్‌లో సెల్ ఛార్జరు పెట్టి చూస్తే చాలు. బల్బు వెలిగి కంప్రెసర్ చప్పుడే లేకపోతే చలిని అదుపుచేసే థర్మోస్టాట్‌ను, కంప్రెసర్‌ను లేపే రిలేను అనుమానించాలి. కొన్ని నిమిషాలకోసారి టిక్కుమని లేచి పడిపోతుంటే తక్కువ వోల్టేజీ గానీ రిలే గానీ ఓవర్‌లోడ్ గానీ కారణం. ఇవి వందల్లో అయ్యే పనులు. మౌలాలి, మల్కాజిగిరి వైపు పాత ఇళ్లల్లో బల్లులు వెచ్చదనానికి రిలే డబ్బాలోకి దూరి కాలిపోవడం, ఎలుకలు వెనక వైర్లు కొరకడం కూడా ఉన్న సంగతులే.

కంప్రెసర్ ఆగకుండా తిరుగుతోంది కానీ చలి తక్కువ. ఇక్కడే తొందరపడకూడదు. ముందు దుమ్ము, రబ్బరు, ఖాళీ స్థలం, మంచు, ఎండ, కిక్కిరిసిన సామాన్లు చూసుకోవాలి. సింగిల్ డోర్‌లో ఫ్రీజరు గోడకు ఒక మూల మాత్రమే మంచు పట్టి మిగతాది పొడిగా ఉంటే అప్పుడు గ్యాస్ తగ్గిందనుకోవచ్చు. కండెన్సర్ వెచ్చబడకుండా, కంప్రెసర్ మాత్రం నడుస్తూ ఉంటే గ్యాస్ పూర్తిగా పోయి ఉండాలి, లేదా క్యాపిలరీ ‘చోక్’ అయి ఉండాలి. అతిగా చల్లబడి వంకాయలు గడ్డకడుతుంటే థర్మోస్టాట్ మొన తన చోటి నుంచి జారి ఉండవచ్చు, లేక చలికాలంలోనూ మీట ఎండాకాలపు అంకె మీదే ఉండవచ్చు.

చప్పుళ్లలో నీళ్లు పారినట్టు గలగల, ప్లాస్టిక్ చిటపట సహజమైనవి. టకటకమంటుంటే నేల చదునుగా లేదు, లేదా వెనక ట్రే వదులైంది.

మెకానిక్, గ్యాస్ నింపడం

ఐటీఐలలో రిఫ్రిజిరేషన్, ఏసీ మెకానిక్ కోర్సు రెండేళ్లు. మంచి మెకానిక్‌ను అతని ప్రశ్నలను బట్టి పోల్చుకోవచ్చు. ఎప్పటినుంచి, ఏ చప్పుడు, ఎప్పుడు కరెంటు పోయింది అని అడిగేవాడు ఒక రకం. గుమ్మంలో నిలబడే ‘గ్యాస్ నింపాలమ్మా’ అనేవాడు మరో రకం. రెండో రకానికి అడగాల్సిన మాట, ‘లీకు ఎక్కడ బాబూ?’ లీకు వెతకకుండా నింపిన గ్యాస్ కొన్ని నెలల్లో అదే దారిన పోతుంది. నైట్రోజన్ ఎక్కించి సబ్బునీళ్లతో లీకు పట్టడం, అతుకు వేయడం, డ్రయర్ ఫిల్టర్ మార్చడం, వాక్యూమ్ పంపుతో గాలిని, తేమను పూర్తిగా లాగడం, చివర తూకం వేసి గ్యాస్ వదలడం, ఇదీ పద్ధతి. గ్రాముల్లో తూచకుండా ‘అందాజ’గా వదిలితే ఎక్కువైనా తక్కువైనా చలి రాదు.

కంప్రెసర్ మీద గానీ వెనక స్టిక్కర్ మీద గానీ ఏ గ్యాస్, ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది. ఆర్-600ఏ ఉన్న ఫ్రిజ్‌లో ఆర్-134ఏ నింపకూడదు. కంప్రెసర్‌లోని నూనె, క్యాపిలరీ కొలత వేరు. ఆర్-600ఏ గొట్టాల్లో ఉండగానే మంట పెట్టి అతుకు వేయడం ప్రమాదం. కిటికీలు తెరిచి, పొయ్యి ఆర్పి, గ్యాస్ మొత్తం బయటికి వదిలాకే పని మొదలుపెట్టాలి. ఇంటివాళ్లు సొంతంగా రిలే డబ్బా విప్పడం, గొట్టాలు వంచడం వద్దు. శుభ్రం చేయడం, డీఫ్రాస్ట్ చేయడం, ప్లగ్ చూడడం వరకే వారి పని.

వారంటీ కార్డు మీద పదేళ్లని పెద్ద అక్షరాల్లో ఉన్నది సాధారణంగా కంప్రెసర్‌కు మాత్రమే. దాన్ని బిగించే కూలి, గ్యాస్ ఖర్చు చాలాసార్లు విడిగా ఉంటాయి. కార్డు వెనక చిన్న అక్షరాలు కొనేటప్పుడే చదవాలి. న్యాయం జరగలేదనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. మరమ్మతు హక్కు కోసం కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో ఒక పోర్టల్ కూడా తెరిచింది.

సెకండ్ హ్యాండ్, మార్పిడి, పారవేత

ఉస్మానియా చుట్టుపక్కల విద్యాసంవత్సరం మారినప్పుడల్లా ఫ్రిజ్‌లు ఆటో ట్రాలీలెక్కుతాయి. కొనేవాళ్లు కనీసం గంటసేపు నడిపించి చూడాలి. ఫ్రీజరు గోడ అంతటా మంచు పట్టాలి, కంప్రెసర్ ఒకసారైనా తనంతట ఆగాలి. అతుకుల దగ్గర కొత్త పెయింటు, నూనె మరక కనబడితే అడగాలి. తీసుకువెళ్లేటప్పుడు నిలబెట్టే తీసుకెళ్లాలి. పడుకోబెడితే కంప్రెసర్ నూనె గొట్టాల్లోకి ఎక్కుతుంది. తప్పనిసరై పడుకోబెడితే దించాక కొన్ని గంటలు, వీలైతే ఒక రోజు, నిలబెట్టి ఉంచాకే ప్లగ్ పెట్టాలి.

ఇంధన సామర్థ్య సంస్థ స్టార్ లేబుల్ విధానం 2006లో మొదలైంది. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లకు 2010 నుంచి తప్పనిసరి అయింది. లేబుల్ మీద నక్షత్రాల కన్నా దాని కింద ఏడాదికి ఎన్ని యూనిట్లు అన్న అంకెను చూడటం మేలు. ప్రమాణాలు బిగిస్తూ పోతారు కనుక పాత అయిదు నక్షత్రాలు, కొత్త అయిదు నక్షత్రాలు ఒకటి కావు. కంప్రెసర్ కాలిపోయిన పన్నెండేళ్ల ఫ్రిజ్‌ను మళ్లీ నడిపించడం కన్నా మార్చుకోవడమే లాభం. రిలే, థర్మోస్టాట్, రబ్బరు పోయిన అయిదేళ్ల ఫ్రిజ్‌ను మార్చడం దండగ. కొత్తది వచ్చాక పాతదాన్ని ‘నీళ్ల సీసాలకు’ అని వరండాలో నడిపించే ఇళ్లు రెండు ఫ్రిజ్‌ల బిల్లు కడుతుంటాయి.

ఫ్రిజ్ ఈ-వ్యర్థాల నియమాల కిందికి వస్తుంది. పాత సామాన్లవాడికి తూకానికి ఇస్తే రాగి కోసం గొట్టాలు కోసి, గ్యాస్‌ను గాలిలోకి వదిలేస్తారు. కొత్తది కొనేటప్పుడు ఎక్స్ఛేంజ్‌లో గానీ, గుర్తింపు ఉన్న ఈ-వ్యర్థ కేంద్రానికి గానీ ఇవ్వాలి. తీసుకెళ్లేవాళ్లు వచ్చేదాకా సెల్లారులోనో డాబా మీదో ఉంచాల్సి వస్తే ముందు తలుపు ఊడదీయండి. దాగుడుమూతల్లో లోపలికి దూరిన పిల్లలకు పాత గొళ్లెం ఫ్రిజ్ లోపలినుంచి తెరుచుకోదు.